రెండు కొడితే గుంజు

డెబ్బై నాలుగు జనవరిలో గోదావరిఖని బొగ్గు బాయి కాలనీలో ఎనిమిదో లైను ఇళ్లకు ఒక కొత్త పిచ్చి పట్టింది. పొద్దు వాలేసరికి ఎనిమిది మంది ఆడవాళ్లు చీరలు గోచి పోసుకుని, లైను చివర తుప్పు పట్టి పడి ఉన్న బొగ్గు టబ్బుకు తాడు కట్టి గుంజడం మొదలుపెట్టేవారు. చక్రాలు ఊడిపోయిన ఆ ఇనప తొట్టిలో నిండా రాళ్లు పోశారు. అది కదలదు, వీళ్లు వదలరు. మగవాళ్లు మొదట నవ్వారు, తర్వాత ముక్కున వేలేసుకున్నారు, ఆ తర్వాత నోరు మూసుకుని పొయ్యి అంటించుకోవడం నేర్చుకున్నారు.

ఈ పిచ్చి అంటించింది లింగమూర్తి. కంపెనీ క్లబ్బులో గుమస్తా, కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు. చేతిలో ఎప్పుడూ ఒక కాగితం, నోట్లో ఎప్పుడూ ఒక కిళ్లీ. ఆయన సైకిలు మీద ప్రతి లైనుకూ వచ్చి కాగితం చదివాడు.

"జనవరి ఇరవయ్యారుకి ఆడవాళ్లకి కూడా తాడు లాగుడు పోటీ పెడుతున్నామండీ. లైనుకి ఎనిమిది మంది. గెలిచిన లైను ముందర, ఆ తర్వాతి శనివారం సినిమా వేస్తాం."

అప్పటిదాకా నెలకో సినిమా క్లబ్బు గ్రౌండులోనే వేసేవారు. కాలనీకి అది రెండు మైళ్ల దూరం. పిల్లల్ని చంకనేసుకుని, చాపలు నెత్తిన పెట్టుకుని అందరూ పోయేవారు. పోలేనిది ఐలవ్వ ఒక్కతే.

ఐలవ్వ, తాడు గుంజే ఆ ఎనిమిది మందికీ ముందుండే సారవ్వకు అత్త. కొడుకు సదయ్యకు బాయిలో నౌకరీ పక్కా అయిన ఏడాది రామగిరి దగ్గరి పల్లె నుంచి క్వార్టరుకు వచ్చింది. వచ్చిన రెండేళ్లకే కుడి మోకాలు బిగుసుకుపోయింది. మడవని కాలుతో రిక్షా ఎక్కలేదు, నాలుగు అడుగులు వేస్తే ఐదోది పడదు. మంచం మీద మోసుకుపోతామని లైనులో మగవాళ్లు ఎంతమంది బతిమాలినా ససేమిరా అంది.

"బతికుండంగ నలుగురి భుజాల మీద నేను పోను. గా పని ఎన్నడో ఒకనాడు ఎట్లైనా చేస్తరు గద, గిప్పటినుంచే తొందరేంది?" అనేది.

అందుకని సినిమాకు పోయివచ్చిన వాళ్లంతా తెల్లారి ఆమె మంచం చుట్టూ చేరి కథ చెప్పేవారు. పూలమ్మ చెబితే రాజకుమారుడు మాంత్రికుణ్ణి కత్తితో నరికేవాడు. సమ్మవ్వ చెబితే అదే మాంత్రికుడు కొండ మీంచి జారి పడి చచ్చేవాడు. ఇద్దరూ ఐలవ్వ మంచం దగ్గరే కొట్టుకున్నంత పని చేసేవారు. ఐలవ్వ నవ్వుతూ వినేది. అందరూ లేచిపోయాక మాత్రం కోడలితో చిన్నగా అనేది. "ఒక్కసారి నా కండ్లతోని సూస్తె తెలుస్తుండె. గుడ్డ మీద మనుషులు ఎట్ల నడుస్తరో ఏమో."

లింగమూర్తి కాగితం చదివిన పూటే సారవ్వ చేతిలో చాట కింద పెట్టి అత్త దగ్గరికి వచ్చింది.

"అత్తమ్మా, నువ్వు సినిమా కాడికి పోవుడు లేదు. సినిమానే నీ కాడికి గుంజుకొస్త."

అనడమైతే అనేసింది. అన్నాక మొగుడి వంక చూసింది. తాడు గుంజడం నేర్పే మనిషి ఇంట్లోనే ఉన్నాడు మరి.

సదయ్య బాయిలో హాలరు నడుపుతాడు. లోపల బొగ్గు నింపిన టబ్బుల్ని ఇనప తాడుతో పైకి గుంజే యంత్రమది. అతను కూర్చున్న చోటికి టబ్బులు కనిపించవు, వాటి పక్కన నడిచే మనుషులూ కనిపించరు. వినిపించేది గంట ఒక్కటే. ఒకటి కొడితే ఆపాలి. రెండు కొడితే గుంజాలి. మూడు కొడితే మెల్లగా దించాలి. పదేళ్లుగా ఆ మూడు లెక్కలే అతని చదువు. ఇంట్లో కూడా పెద్దగా మాట్లాడేవాడు కాదు. అన్నం చాలంటే కంచం మీద వేలితో ఒక్కసారి కొట్టేవాడు, ఇంకాస్త కావాలంటే రెండుసార్లు కొట్టేవాడు. పెళ్లైన కొత్తలో సారవ్వ దానికి ఏడ్చింది, తర్వాత అలవాటు పడింది.

అలాంటి మనిషికి ఎనిమిది మంది ఆడవాళ్లను అప్పగిస్తే ఇంకెలా నేర్పుతాడు? రెండడుగుల రైలు పట్టా ముక్క ఒకటి తెచ్చి, వాకిట్లో గుంజకు వేలాడదీశాడు. ఐలవ్వ మంచాన్ని దాని కిందికి జరిపి, ఆమె చేతికి ఇనప మేకు ఇచ్చాడు.

"అవ్వా, గంట నీది. రెండు కొడితె వీల్లు గుంజాలె. ఒకటి కొడితె ఆగాలె."

"ఆగకపోతె?"

"ఆగకపోతె బాయిల మనిషి సస్తడు. గీడ ఎవ్వలు సావరు గని, లెక్క లెక్కే."

అదిగో, అప్పటినుంచి ఎనిమిదో లైనులో సాయంత్రాలు మారిపోయాయి. ఠంగ్ ఠంగ్ అని రెండు మోగితే ఎనిమిది మందీ ఒక్క ఊపున వెనక్కి వాలేవారు. ఠంగ్ అని ఒకటి మోగితే ఎక్కడి వాళ్లు అక్కడ బిగుసుకుపోయేవారు. ఐలవ్వకు మంచి హుషారు వచ్చింది. గుంజుతుండగా మధ్యలో ఊరికే ఒకటి కొట్టి చూసేది. ఆగని వాళ్లను పేరు పెట్టి తిట్టేది. "పూలమ్మా, నీ చెవుల బొగ్గు వడ్డదా? ఒకటి గాదే కొట్టింది!" మూడు రోజులకు పూలమ్మ చెవులు బాగయ్యాయి. వారం రోజులకు టబ్బు జానెడు కదిలింది. ఆ రోజు లైనంతా అటుకులు, బెల్లం పంచుకుని తిన్నారు. టబ్బు కింద బయటపడ్డ పచ్చి నేలను చూడడానికి రెండో షిఫ్టుకు పోయేవాళ్లు కూడా ఆగి వంగి చూసి పోయారు.

పక్కన తొమ్మిదో లైనుదీ అదే వరస. రెండు లైన్లూ ఎదురెదురు, మధ్యలో ఓ ఖాళీ జాగా. అందులో సగం వీళ్లది, సగం వాళ్లది. వాళ్ల జట్టుకు పెద్ద హబీబున్నీసా, బాయిలో యంత్రాలు బాగుచేసే జలాలుద్దీన్ భార్య. మంచి దిట్టమైన మనిషి, గొంతు ఇంకా దిట్టం. వాళ్లకు గంటా లేదు, గింటా లేదు. ఆమె "హా!" అంటే గుంజడమే. పొద్దున నల్లా దగ్గర బిందెలు పెట్టుకుని సారవ్వా ఆమే ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు.

"సారవ్వా, సినిమానాడు మా లైనుకు రా. నీకు ముందట్నే చాప ఏస్త," అనేది హబీబున్నీసా.

"మీ చాపలే మా లైనుకు తెచ్చుకోవాలె హబీబక్కా. ఇప్పట్నుంచే దులుపుకోండ్రి," అనేది సారవ్వ.

నవ్వుతూనే అనేది. కాని బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చేటప్పుడు ఆమెకు గుర్తొచ్చేది ఒకటే. ఇక్కడ గెలవకపోతే అత్త ఇక సినిమా చూడదు.

జనవరి ఇరవయ్యారున క్లబ్బు గ్రౌండు కిటకిటలాడిపోయింది. జెండా ఎగిరింది, పిల్లలకు బిళ్లలు పంచారు, బస్తాల పరుగులో మాస్టర్లు కూడా దొర్లి పడ్డారు. బసంత్‌నగర్ నుంచి సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు లారీ కట్టుకుని చూడ్డానికి వచ్చారు. మిర్చి బజ్జీలవాడికి ఊపిరాడలేదు. సారవ్వకు మాత్రం ఇదంతా కళ్ల ముందునుంచి జరిగిపోయింది. ఆమె చూపు తాడు మీదే ఉంది.

ఈల వేస్తే గుంజాలన్నారు. వేశారు, గుంజారు. మొదటి పోటీలో మూడో లైను, రెండో దానిలో పన్నెండో లైను ఎనిమిదో లైను ముందు నిలవలేదు. రాళ్ల టబ్బును కదిలించిన చేతులకు మనుషులో లెక్కా? అటునుంచి తొమ్మిదో లైను కూడా అందర్నీ మట్టి కరిపించుకుంటూ వచ్చింది. చివరికి ఈ రెండే మిగిలాయి.

సరిగ్గా అప్పుడు లింగమూర్తి ఈల మూగబోయింది. పొద్దున్నుంచీ కిళ్లీ నోటితోనే ఊదుతున్నాడు, తమలపాకు రసం దిగి అందులోని గింజ ఇరుక్కుపోయింది. ఊదాడు, దులిపాడు, మళ్లీ ఊదాడు. ఎర్ర తుంపర తప్ప చప్పుడు రాలేదు. అటు పెద్ద సార్లు ఎండకు గడియారాలు చూసుకుంటున్నారు. ఆయన అటూ ఇటూ చూసి, క్లబ్బు పక్క బడి ముందు గంటగా వేలాడుతున్న పట్టా ముక్క దగ్గరికి పరిగెత్తాడు.

"గంట కొట్టగానే లాగండి!" అని మైకులో అరిచాడు. మైకు సగం మాటను కుయ్‌మని మింగేసింది. సారవ్వకు వినబడింది 'గంట' ఒక్కటే. గంట అనగానే ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. గంట తమది!

తాడు బిగిసింది. రెండు వైపులా ఎవరూ ఆగలేకున్నారు, గంట మోగకముందే వీళ్లో జానెడు, వాళ్లో జానెడు గుంజుతూనే ఉన్నారు. ఎర్ర గుడ్డ కట్టిన నడిమి ముడి మెల్లగా ఎనిమిదో లైను వైపే జరుగుతోంది. సారవ్వ మడమలు మట్టిలో దిగాయి. వస్తోంది, వస్తోంది అనుకుంది.

లింగమూర్తి గంట కొట్టాడు. ఠంగ్.

ఒక్కటే.

ఎనిమిదో లైను ఆగిపోయింది. ఎనిమిది మందీ ఎక్కడి వాళ్లు అక్కడ, వాలిన వాళ్లు వాలినట్టు, చేతులు సడలించి రాళ్లలా నిలబడిపోయారు. ఆగాలని సారవ్వ అనుకోలేదు, ఆమె ఒళ్లే ఆగింది. అవతల హబీబున్నీసా "హా!" అంది. రెండు గుక్కల్లో అంతా అయిపోయింది. ఎదురు బలం ఉన్నట్టుండి మాయమయ్యేసరికి తొమ్మిదో లైను మొత్తం వెల్లకిలా పడింది, దాని మీద ఎనిమిదో లైను బోర్లా పడింది.

ఏం జరిగిందో సార్లకు అర్థం కాలేదు, లింగమూర్తికి అసలే కాలేదు. కాని చుట్టూ నిలబడిన వాళ్లు బాయి మనుషులు. ముందు ఒక ముసలి కార్మికుడు గట్టిగా అన్నాడు. "ఒకటి కొట్టిండు. ఆగిన్రు." ఆ మాట జనంలో నోళ్లు మారింది. ఒకటి కొట్టిండట, ఆగిన్రట. ఎక్కడో నవ్వు మొదలైంది, దాని వెనకే చప్పట్లు. గెలిచిన వాళ్ల కన్నా ఓడిన వాళ్లకు ఎక్కువ చప్పట్లు పడటం ఆ గ్రౌండులో అదే మొదలు.

సారవ్వకు ఆ చప్పట్లు చెవికెక్కలేదు. మట్టి కొట్టుకుపోయిన మొహంతో మొగుడి ముందుకు వచ్చి నిలబడింది. తిడితే బాగుండుననుకుంది. సదయ్య ఆమె భుజం మీది మట్టి దులిపాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

"ఒకటికి ఆగినోల్లను తిట్టే నోరు నాకు లేదు సారవ్వా," అన్నాడు. అతను ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం ఆమె చాలా రోజుల తర్వాత విన్నది.

ఇంటికి వచ్చేసరికి ఐలవ్వ మేకు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. వాళ్ల మొహాలు చూడగానే ఆమెకు అర్థమైంది. అయినా అడిగింది.

"ఎన్ని కొట్టిన్రు?"

"ఒకటి."

"ఆగిన్రా?"

"ఆగినం అత్తమ్మా."

"మరింగ తప్పేముంది? మంచిగ చేసిన్రు." అని మేకు తలగడ కింద పెట్టి, "సినిమా ఏడికి పోతది, దాని తాతల నాటి సినిమాలు నా కాడ లేవా? పూలమ్మ ఉన్నది, సమ్మవ్వ ఉన్నది," అంటూ గోడ వైపు తిరిగి పడుకుంది. సారవ్వ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఓడినందుకు కాదు. ఆ ముసలామె తనను ఓదార్చినందుకు.

మర్నాటి నుంచి నల్లా దగ్గర హబీబున్నీసా ఆటపట్టించడం మానేసింది. జలాలుద్దీన్ ఆమెకు అంతా చెప్పాడు. గంట లెక్కా చెప్పాడు, ఐలవ్వ సంగతీ చెప్పాడు. ఆమె రెండు రోజులు బిందె నిండటం చూస్తూ ఏదో ఆలోచించింది.

శనివారం మధ్యాహ్నం సినిమా బండి వచ్చింది, పూలమ్మా సమ్మవ్వా కొట్టుకున్న ఆ మాంత్రికుడి సినిమానే మళ్లీ తెచ్చింది. లింగమూర్తి దిగి, తొమ్మిదో లైను చివరన కొత్తగా సున్నం వేసిన చదువుగది గోడను చూసి సంతోషపడ్డాడు. "ఇదే బాగుందండీ. గోడ మీదే వేసేద్దాం. తెర కట్టే పనే లేదు."

"గోడ వద్దు సారు," అంది హబీబున్నీసా. ఆమె వెనక తొమ్మిదో లైను ఆడవాళ్లు రెండు పొడుగాటి వెదురు బొంగులు పట్టుకుని నిలబడ్డారు. "తెర కట్టాలె. గీడ."

ఆమె చూపించిన చోటు ఖాళీ జాగాలో వాళ్ల సగానికి ఆఖరి అంచు. ఇంకొక్క అడుగు వేస్తే ఎనిమిదో లైను జాగా. ఎదురుగా ఐలవ్వ వాకిలి.

"అక్కడెందుకమ్మా? గాలికి ఊగుతుంది. గోడుండగా గుడ్డెందుకు?"

"గోడకు ఒక్కటే మొకం సారు. గుడ్డకు రెండు," అంది హబీబున్నీసా. "మా లైను ముందర ఏస్తమన్నరు. ముందర అంటె ఏడిదాకనో మీ కాయితంల రాసిలేదు గద."

లింగమూర్తి కాగితం తీసి చూశాడు. నిజంగానే రాసి లేదు. కిళ్లీ ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుని, "కట్టండి, కట్టండి" అన్నాడు. హబీబున్నీసా అప్పటికే ఇవతలికి తిరిగి కేకేసింది.

"సారవ్వా! గడ్డపార ఉంటె జల్ది పట్కరా! గుంతలు తియ్యాలె!"

గడ్డపార తీసుకుని పరిగెత్తుకొచ్చిన సారవ్వకు కాళ్లు నేల మీద ఆనలేదు. బొంగుల్ని, తెరను, అత్త వాకిలిని ఒకసారి చూసి, హబీబున్నీసాను గట్టిగా వాటేసుకుంది. "ఛల్, ఛల్, గడ్డపార తగుల్తది," అని ఆమె విడిపించుకుంది. గుంతలు రెండు లైన్లూ కలిసే తవ్వారు.

చీకటి పడగానే సినిమా మొదలైంది. ముందు తొమ్మిదో లైను, వెనక ఎనిమిదో లైను, నడుమ తెర. ఐలవ్వ మంచం ఎక్కడికీ కదల్లేదు. ఉన్నచోటే ఉంది, తల కింద రెండు దిండ్లు ఎక్కువ పెట్టారంతే. గుడ్డ మీద మొదటి మనిషి నడవగానే ఆమె నోరు తెరుచుకుంది, చేయి పోయి కోడలి చేతిని పట్టుకుంది. సారవ్వ చాలాసేపు సినిమా చూడలేదు. ఆ మొహం మీద పడుతున్న వెలుగునే చూసింది.

వెనకనుంచి చూస్తే అంతా తిరగబడి కనిపిస్తుంది. పేర్లు పడుతుంటే రాత్రిబడికి పోయే పూలమ్మ "అయ్యో, అచ్చరాలన్ని ఉల్టా వడ్డయి" అని గోలపెట్టింది. ఐలవ్వకు ఆ బాధే లేదు, ఆమెకు ఎటు చూసినా అక్షరాలు అక్షరాలే. కాని కాసేపటికి ఆమె ఒకటి కనిపెట్టింది. రాజకుమారుడు ఎడమ చేత్తో కత్తి దూశాడు. రాజుగారు ఎడమ చేత్తో దానం చేశాడు. చివరికి బంగారు పళ్లెం ముందు కూర్చుని ఎడమ చేత్తో అన్నం కలిపాడు.

"ఛీ, ఛీ! గంత పెద్ద రాజు! గింత సంగతి మీరెవ్వలు నాకు చెప్పకపోతిరి!" అంది.

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఎవరూ ఆమెకు అసలు సంగతి చెప్పలేదు. సినిమావాళ్లంతా ఎడమచేతి వాళ్లేనని ఐలవ్వ బతికినన్నాళ్లూ నమ్మింది.

సగంలో రీలు అయిపోయి తెర తెల్లబడింది. సినిమా ఆడించే పోశం కొత్త రీలు ఎక్కిస్తున్నాడు. పిల్లలు గోల మొదలుపెట్టారు. ఐలవ్వ తలగడ కిందినుంచి మేకు తీసింది. నెత్తిమీది పట్టా ముక్క మీద ఠంగ్ ఠంగ్ అని రెండు కొట్టింది. ఆ క్షణానే తెర మీద బొమ్మ పడింది. రెండు లైన్లూ తెర అటునుంచీ ఇటునుంచీ ఒక్కటే కేక వేశాయి. "గుంజూ!"

మాంత్రికుడు కొండ మీంచి జారి పడ్డాడు, పడ్డవాణ్ణి రాజకుమారుడు నరికాడు. పూలమ్మా, సమ్మవ్వా మొహమొహాలు చూసుకున్నారు, ఇద్దరిదీ నిజమే. శుభం కార్డు పడింది. జనం చాపలు దులుపుకుంటూ లేచారు. ఐలవ్వ మాత్రం కదల్లేదు.

"అయిపోయింది అత్తమ్మా," అంది సారవ్వ.

"ఎట్లయితది? ఒకటి ఎవ్వలు కొట్టలేదు గద."

ఆ మాట తెర దాటి అవతలికి పోయింది. అక్కడ హబీబున్నీసా గట్టిగా నవ్వడం, పోశంతో ఏదో చెప్పడం వినిపించింది. పోశం ఆ పూట రెండు లైన్లలోనూ కడుపునిండా తిన్న మనిషి. "పాటల రీలు ఒకటుంది, అది మల్ల ఏస్త. అవ్వను గంట కొట్టమనుండ్రి," అని కేక వేశాడు. లేచిన వాళ్లంతా మళ్లీ చాపలు పరుచుకున్నారు.

ఐలవ్వ మేకును కోడలి చేతిలో పెట్టింది.

"ఈసారి నువ్వు కొట్టు బిడ్డా."

సారవ్వ చేయి ఎత్తింది. వారం రోజులుగా చెవిలో మోగుతున్న ఆ ఒక్క గంట గుర్తొచ్చి ఆగింది. నవ్వుతూనే అడిగింది.

"ఎన్ని కొట్టమంటవు అత్తమ్మా?"

"రెండే," అంది ఐలవ్వ. "ఒకటి మొన్ననే కొట్టిన్రు గద."